కోసిన కూరలు మిగిలిపోతున్నాయి, ఆకలి అలాగే ఉంది

ప్రశ్న: మా ఇళ్ల మధ్య ఖాళీగా పడి ఉన్న స్థలంలో, యజమానిని అడిగి, మూడేళ్ల క్రితం కొంతమందిమి కలిసి కూరగాయల తోట మొదలుపెట్టాం. పండిందంతా చుట్టుపక్కల తిండికి ఇబ్బంది పడుతున్న ఇళ్లకి ఊరికే ఇవ్వాలన్నది మా ఉద్దేశం. మొదట్లో ఇరవై మందికి పైగా వచ్చేవాళ్లం. ఇప్పుడు ఆరుగురం మిగిలాం. శనివారం పొద్దున గేటు దగ్గర బల్ల వేసి పంచుతాం. సగం కూరలు మిగిలిపోయి కంపోస్ట్‌లోకి పోతున్నాయి. నిజంగా లేనివాళ్లు రావడం లేదని, ఉన్నవాళ్లే సంచులు నింపుకుపోతున్నారని, ఏదో ఒక ఆధారం చూపిస్తేనే ఇద్దామని మాలో ఒకాయన పట్టుబడుతున్నారు. ఆ గొడవలో ఇద్దరు అలిగి మానేశారు. రోజూ నీళ్లు పెట్టేది నేనే. నాకు 52 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఇంట్లోవాళ్లు ఇంక చాలు అంటున్నారు. మానేద్దామంటే మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు?
ఒక పాఠకురాలు

సమాధానం: మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. సగం కూరలు కంపోస్ట్‌లోకి పోతున్నాయన్నారు. వాలంటీర్లు తగ్గిపోవడం, మీలో మీకు వచ్చిన గొడవ, మీ అలసట అన్నీ దాని చుట్టూనే తిరుగుతున్నాయనిపించింది. వారమంతా నడుం వంచి పెంచినవాటినే శనివారం మధ్యాహ్నం తట్టల్లో మోసుకెళ్లి కుప్పలో పోయాల్సి వస్తే, పై వారం మళ్లీ రావాలని ఎవరికి అనిపిస్తుంది?

తోట మూసేయక్కర్లేదు. నడుపుతున్న పద్ధతి మార్చాలి. ఇప్పుడు మీరు మడి దగ్గర మొదలుపెట్టి గేటు దాకా ఆలోచిస్తున్నారు. ఏం వేయాలి, ఎలా పెంచాలి, ఎప్పుడు పంచాలి అని. దాన్ని తిరగేయండి. పొరుగింటి పొయ్యి దగ్గర మొదలుపెట్టి మడి దాకా వెనక్కి రండి.

నేనూ ఇలాంటి తోటలో ఏడేళ్లు పనిచేశాను. మొదటి ఏడాది మాకు ఉత్సాహం ఎక్కువ. ఎవరికి నచ్చిన విత్తనాలు వాళ్లు తెచ్చారు. రెండు మడుల నిండా బ్రోకలీ వేశాం. చాలా బాగా వచ్చింది. బల్ల మీద పెడితే జనం చూసేవాళ్లు, చేత్తో తాకేవాళ్లు, పక్కనున్న టమాటాలు తీసుకుని వెళ్లిపోయేవాళ్లు. మూడో వారానికి మడిలో మిగిలినవన్నీ విచ్చుకుని పసుప్పచ్చ పూలు పూశాయి. వాటి మీద తేనెటీగలు తిరుగుతుంటే నేను చూస్తూ నిలబడ్డాను. అప్పుడే ఒకావిడ దగ్గరికొచ్చి నెమ్మదిగా చెప్పింది: "దీన్ని ఎలా వండాలో నాకు తెలీదండీ. వండాక పిల్లలు తినకపోతే ఆ పూటకి ఇంకేమీ ఉండదు." కొత్త కూర వండి చూడ్డం మాకు సరదాగా ఉండేది. ఆవిడకి ఒక పూట తిండి పోతుందేమోనన్న భయం. అంత చిన్న విషయం ఏడాదంతా మాకెవరికీ తట్టలేదు.

అందుకని ముందు అడగండి. ఫారాలు పంచి కాదు, గుంపుగా వెళ్లి కూడా కాదు. ఇద్దరిద్దరుగా, పది పన్నెండు ఇళ్లకి, వాళ్లకి తీరిక ఉన్న వేళ చూసి వెళ్లండి. "మీకేం కావాలి" అని అడిగితే మొహమాటానికి "ఏదైనా పర్లేదండీ" అంటారు. గడిచిన మూడు రోజుల్లో ఏం వండారో అడగండి. కొందామనుకుని కొనకుండా వదిలేసిన కూర ఏదో అడగండి. ఇంట్లో ఫ్రిజ్ ఉందా, వంట ఎవరు చేస్తారు, గట్టివి నమలలేని పెద్దవాళ్లు ఉన్నారా, పొయ్యి మీద ఎక్కువసేపు ఉడికించే వీలుందా అన్నవి మాటల్లోనే తెలిసిపోతాయి. ఫ్రిజ్ లేని ఇంటికి శనివారం నాలుగు కట్టల ఆకుకూర ఇస్తే మూడు కట్టలు వాడిపోతాయి. అదే ఇంటికి ఒక కట్ట ఆకుకూర, ఒక గుమ్మడికాయ ఇస్తే వారమంతా కలిసొస్తుంది.

ఇంకొకటి. శనివారం పొద్దున మీ వాలంటీర్లకి వీలైన వేళ. ఏ రోజుకారోజు పనికి వెళ్తే తప్ప గడవని మనిషికి ఆ వేళ గేటు దగ్గర నిలబడటం ఎలా కుదురుతుంది? "లేనివాళ్లు రావడం లేదు" అన్న మాటకి సగం జవాబు ఇక్కడే దొరుకుతుందని నా నమ్మకం. సాయంత్రం, వాళ్లు పని నుంచి తిరిగొచ్చే దారిలో, వాళ్లు ఎలాగూ వచ్చే చోట పంచి చూడండి. పిల్లల బడి దగ్గర కావచ్చు, ఆసుపత్రి దగ్గర కావచ్చు.

మిగతా సగం జవాబు సిగ్గు. మా తోటకి ఎదురుగా, రోడ్డుకి అవతల, ఒకావిడ చాలా వారాలు నిలబడేది. ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు ఉండేది. ఒక రోజు బల్ల ఎత్తేశాక, మర్చిపోయిన కత్తెర కోసం వెనక్కి వెళ్లాను. ఆవిడ కంపోస్ట్ కుప్ప పక్కన కూర్చుని, మేం ముదిరాయని పారేసిన బీన్స్ ఏరుకుంటోంది. ఒక్కొక్కటీ విరిచి చూసి, లోపల గింజ బాగుంటే ఒళ్లో వేసుకుంటోంది. నన్ను చూసి గబుక్కున లేచింది, ఒళ్లోవన్నీ కింద పడ్డాయి. ఇద్దరం కలిసి ఏరాం. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. అంతకు ముందు వారమే మేం గేటు దగ్గర ఒక రిజిస్టర్ పెట్టాం, పేరూ ఇంట్లో ఎంతమందీ రాయమని. తర్వాతి వారం తీసేశాం.

అందుకే మీవారిలో ఆధారం చూపించాలంటున్న ఆయన మాటకి నేను ఒప్పుకోలేను. ఆధారం అడిగితే ముందు ఆగిపోయేది ఆకలితో ఉన్న మనిషే. సంచి నింపుకుపోయేవాళ్లకి కాగితం చూపించడం కష్టమేమీ కాదు. పైగా లేమి అన్నది మనిషిని చూస్తే తెలిసేది కాదు. మంచి బట్టలు కట్టుకున్న మనిషికి పోయిన నెలే ఉద్యోగం పోయి ఉండొచ్చు. ఇంట్లో జబ్బు వచ్చి ఉన్నదంతా మందులకి పోయి ఉండొచ్చు. డబ్బు తగ్గినప్పుడు ఇంట్లో అద్దె ఆగదు, పిల్లల ఫీజు ఆగదు. ముందు ఆగేది కూరగాయలూ పండ్లే. కడుపు నింపడానికి ఏదో ఒకటి వండుకుంటారు, పక్కన కూర ఉండదు. అలాంటి ఇళ్లు మీ వీధిలో ఉన్నా బయటికి కనబడవు.

అలాగని ఆయన బాధలో న్యాయం లేదని అనను. ఆయన కూడా ఆ కూరలు పెంచిన మనిషే. ఒకరే మూడు సంచులు మోసుకుపోతుంటే ఎవరికైనా కష్టంగానే ఉంటుంది. దానికి మార్గం ఉంది. ఒక్కో తట్ట మీద "ఇంటికి రెండు కట్టలు", "ఇంటికి నాలుగు" అని అట్టముక్క మీద రాసి పెట్టండి. అది అందరికీ ఒకటే. చివరి పావుగంటలో మిగిలినవి ఎవరు ఎన్నయినా తీసుకోవచ్చు. మూడు సంచులు పట్టుకెళ్లే మనిషిని ఒకసారి పక్కకి పిలిచి మామూలుగా మాట్లాడండి. మా దగ్గర అలా తీసుకెళ్లే ఒకావిడ, మెట్లు దిగలేని ఇద్దరు ముసలివాళ్లకి కూడా పట్టుకెళ్తోందని రెండేళ్ల తర్వాత తెలిసింది. ఇక ఆయనకి ఒక పని అప్పగించండి: ఏ కూర ఎంత పంచారు, ఏది ఎంత మిగిలింది అని ప్రతివారం తూకం వేసి రాయడం. మీకు ఇప్పుడు కావలసిన లెక్క అదే. పది వారాలు రాస్తే వచ్చే కాలానికి ఏ మడిలో ఏం వేయాలో ఆ పుస్తకమే చెబుతుంది.

మిగిలేవాటికి ముందే ఒక గమ్యం ఉండాలి. 1995లో అమెరికాలోని అలాస్కా రాష్ట్రంలో, యాంకరేజ్ అనే ఊళ్లో జెఫ్ లోవెన్‌ఫెల్స్ అనే ఆయన, పత్రికలో తోటపని గురించి రాసేవారు, తన పాఠకులని ఒకటే అడిగారు. ఎవరి తోటలో వాళ్లు ఒక వరుస ఎక్కువ వేసి, దాని పంటని ఊళ్లో ఉచితంగా అన్నం పెట్టే వంటశాలకి ఇవ్వమని. ఆ తర్వాత అది దేశమంతా పాకింది. దాంట్లో ఉన్న తెలివి ఏమిటంటే, పంట ఎక్కడికి వెళ్లాలో విత్తనం వేసే రోజే తేలిపోయింది. వండి పెట్టే చోటు మీకు దగ్గరలో ఉంటే వాళ్లతో ఇప్పుడే మాట్లాడండి. శనివారం మిగిలింది ఎన్నింటికి తీసుకుంటారు, ఏవి తీసుకుంటారు, ఎవరు మోసుకెళ్లాలి అన్నవి ఖాయం చేసుకోండి. మిగిలాక ఫోన్లు చేస్తూ కూర్చుంటే సాయంత్రానికి ఆకుకూర తలలు వాల్చేస్తుంది.

ఆకుకూర మాట వచ్చింది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే చాలా తోటల్లో పంట పోయేది పురుగు వల్ల కంటే కోతకీ పంపకానికీ మధ్య గంటల వల్ల. కోసిన ఆకు ఇంకా ఊపిరి పీల్చుకుంటూనే ఉంటుంది, నీరు వదులుతూనే ఉంటుంది, వేరు నుంచి మాత్రం ఇక నీరు అందదు. తెల్లవారగానే కోస్తే ఆకులో నీరు నిండుగా ఉంటుంది, విరిస్తే టక్కుమంటుంది. ఎండెక్కాక కోసిన ఆకు మెత్తగా, వేలికి చుట్టుకునేలా ఉంటుంది. సాయంత్రం పంచాలన్నా కోత పొద్దున్నే పెట్టుకోండి. నీడలో, తడి గోనెపట్ట కప్పి, గాలి ఆడేలా ఉంచండి. కుప్పగా పోస్తే మధ్యలో వేడెక్కి కుళ్లుతుంది. టమాటా రంగు తిరుగుతుండగా కోసినా ఇంట్లో పండుతుంది, కాబట్టి మొత్తం ఎర్రబడేదాకా చెట్టు మీద వదలక్కర్లేదు.

వారానికి ఒక్కసారే కోయడం కూడా మానాలి. బీన్స్, బెండ, దోస లాంటివి రెండు మూడు రోజులకోసారి కోయాల్సిందే. కాయని ముదరనిచ్చారంటే గింజ కట్టేసిందని మొక్క పూత తగ్గించేస్తుంది. మీ బల్ల మీద మిగిలిపోయేవాటిలో ముదురు కాయలు ఎన్నో ఒకసారి చూసుకోండి. ముదురు బెండకాయని ఉచితంగా ఇచ్చినా ఎవరు పట్టుకెళ్తారు? ఊరికే ఇచ్చేదైనా లేతగా, కడిగి, మన ఇంటికి తీసుకెళ్లేలా ఉండాలి.

ఆరుగురే ఉన్నారు కాబట్టి తోటని సగానికి తగ్గించండి. మీకు ఇది కష్టంగా ఉంటుందని తెలుసు. మిగతా సగంలో బీన్స్ జాతి మొక్కలు చల్లి వదిలేయండి. వాటి వేళ్ల బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. పూతకొచ్చే వేళకి కోసి అక్కడే మట్టిలో కలిపేస్తే నేలకి బలం. సాగుచేసే సగంలో, మీరు అడిగి తెలుసుకున్నవాటిలోంచి, రెండు రకాలు కలిపి వేయండి: వారాలు, నెలలు నిలవ ఉండే గుమ్మడి, ఉల్లి, బంగాళాదుంప ఒకవైపు, త్వరగా కోతకొచ్చే ఆకుకూరలు ఒకవైపు. ఆకుకూర విత్తనాలు ఒకేసారి మొత్తం చల్లకండి. పదిహేను రోజులకోసారి చిన్న మడి చొప్పున వేస్తే ఒక వారం వరద, ఇంకో వారం కరువు అన్నట్టు ఉండదు.

నీళ్ల సంగతి. సాధారణంగా కూరగాయల మొక్కలకి వారానికి 25 మిల్లీమీటర్ల నీరు కావాలంటారు. అంటే చదరపు మీటరుకి 25 లీటర్లు. వంద చదరపు మీటర్ల తోటకి వారానికి 2,500 లీటర్లు. వాన లేని రోజుల్లో దాన్ని మీరు ఒక్కరే మోస్తున్నారంటే మోకాళ్లు నొప్పి పుట్టక ఏమవుతాయి? రోజూ పైపైన చల్లడం ఆపి, వారానికి రెండు మూడు సార్లు వేళ్ల దాకా దిగేలా పెట్టండి. నాలుగు వేళ్ల మందాన ఎండుటాకులో గడ్డో మొదళ్ల చుట్టూ కప్పండి, తేమ నిలుస్తుంది, కలుపూ తగ్గుతుంది. ఇసుక నేలైతే, ఎండలు మరీ ఎక్కువైతే ఇంకోసారి అవసరం పడొచ్చు. వేలు మట్టిలో గుచ్చి చూస్తే మీకే తెలుస్తుంది. వీలైతే డ్రిప్ పైపులు వేయించండి. విరాళం ఇస్తామని ఎవరైనా ముందుకొస్తే మొదట అడగాల్సింది అదే.

వాలంటీర్ల విషయంలో "ఎవరికి వీలైతే వాళ్లు రండి" అని గ్రూపులో పెట్టే మెసేజ్ పనిచేయదు. అది అందరికీ పెట్టింది కాబట్టి ఎవరికీ పెట్టినట్టు కాదు. "మంగళవారం ఆరింటికి రెండో మడికి నీళ్లు మీరు పెట్టగలరా, ముప్పావుగంట పని" అని పేరు పెట్టి ఒక్కరిని అడగండి. అలిగి మానేసిన ఆ ఇద్దరి ఇళ్లకి మీరే వెళ్లండి. తోట గురించి కాకుండా వాళ్ల గురించి అడిగి రండి.

కొత్త చేతులు ఎక్కడినుంచి వస్తాయన్న టెన్షన్ మీకు ఉండే ఉంటుంది. కూరలు తీసుకెళ్లేవాళ్లలోనే కొందరికి మట్టి పని మనకంటే బాగా తెలిసి ఉంటుంది. 1893లో అమెరికాలో ఆర్థిక సంక్షోభం వచ్చి డెట్రాయిట్ నగరంలో వేలమందికి పని పోయింది. మేయర్ హేజెన్ పింగ్రీ, ఖాళీగా పడి ఉన్న స్థలాలని ఆ కుటుంబాలకి ఇచ్చి బంగాళాదుంపలూ కూరగాయలూ పండించుకోమన్నారు. పనిలేనివాళ్లు కష్టపడరని చాలామంది ఎగతాళి చేశారు. విరాళాలు సరిగ్గా రాకపోతే ఆయన తన గుర్రాన్ని వేలం వేసి డబ్బు సమకూర్చారు. 1894లో, మొదటి ఏడాదే, సుమారు 430 ఎకరాల్లో 945 కుటుంబాలు సాగు చేశాయి. నాకు ఇందులో నచ్చేది ఆయన దుంపలు తెచ్చి పంచకుండా నేలని పంచడం. మీరు వదిలేసే సగంలో రెండు మడులు, కావాలన్న కుటుంబాలకి వాళ్ల పేరు మీదే ఇచ్చి చూడండి. ఏం వేయాలన్నది వాళ్ల ఇష్టం. పండింది వాళ్లదే. కానీ పనిచేస్తేనే కూర ఇస్తామన్న షరతు ఎప్పుడూ పెట్టకండి. పసిపిల్లతో ఉన్న తల్లి, మంచాన ఉన్న ముసలాయన, రెండు పనులు చేసి వచ్చే మనిషి తోటలో పనిచేయలేరు, వాళ్లే ఎక్కువ ఆకలితో ఉంటారు.

రెండు జాగ్రత్తలు. ఆ స్థలంలో ఇంతకుముందు ఏముండేదో కనుక్కోండి. పాత ఇల్లు కూల్చిన చోటో, వాహనాల షెడ్డో అయితే పాత పెయింటు నుంచీ పెట్రోలు నుంచీ వచ్చిన సీసం మట్టిలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. పిల్లలకి అది చాలా చెడ్డది. మట్టి పరీక్ష చేయించండి. ఎక్కువ ఉందని తేలితే దుంపలూ ఆకుకూరలూ ఆ నేలలో పెంచకుండా, ఎత్తు మడులు కట్టి వేరే మంచి మట్టి పోసి వేయండి. రెండోది, పచ్చి పశువుల ఎరువు వేస్తే, మట్టికి తగిలే కూరలకి కోతకి ముందు 120 రోజులు, పైన కాసేవాటికి 90 రోజులు ఎడం ఉండాలన్నది సేంద్రియ సాగులో పాటించే నియమం. బాగా మాగిన ఎరువు వాడితే ఈ బెంగ ఉండదు. స్థలం యజమాని నోటిమాట మీద ఉంటే ఒక కాగితం మీద రాయించుకోండి, ఎన్నేళ్లో కూడా వేసి.

చివరిగా మీ మనసు మీద ఉన్న బరువు గురించి. మనిషికి రోజుకి కనీసం 400 గ్రాముల కూరగాయలూ పండ్లూ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నలుగురున్న ఇంటికి అది వారానికి 11 కిలోలకి పైనే. ఆ లెక్కన మీ తోట వీధి మొత్తానికి చాలదు, ఎంత కష్టపడినా చాలదు. ఇది మీ తప్పు కాదు. వందమందికి ఒక్కో గుప్పెడు ఇచ్చి అలసిపోవడం కంటే, పన్నెండు ఇళ్లకి, వాళ్లు వండుకునే కూరలు, ప్రతివారం తప్పకుండా అందేలా చూడండి. ఈ వారం కూర వస్తుందని ముందే తెలిసిన ఇల్లాలు ఆ డబ్బుతో ఇంకోటి కొనుక్కోగలదు. వస్తుందో రాదో తెలియకపోతే ఆ పని చేయలేదు.

ఈ శనివారం బల్ల వేయకండి. ఉన్నవి కోసి వంటశాలకి పంపేసి, మీ ఆరుగురూ మూడు జతలుగా ఇళ్లకి వెళ్లి రండి. ఆదివారం కూర్చుని నీళ్ల లిస్టు రాసుకోండి. అందులో మీ పేరు వారానికి ఒక్కసారే ఉండాలి.